లెక్కకు రాని ఆటలు, లెక్కలోనికి రాని ఆటగాండ్రు

జూలై తుది దినములు మొదలు ఆగస్టు నెలాఖరు వరకు గల యైదు వారములు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని క్రీడాభిమానికి రెండు పడవలపై కాళ్ళుంచిన కాలము. ఒకవంక, మార్చి తుదిని మొదలైన బేస్‌బాల్ పోటీలు చివరి మజిలీకి చేరుచుండును. జట్లు తమ ఆటగాండ్రను ఇచ్చి పుచ్చుకొనుటకు గడువు ముగియుచుండును. వేరొకవంక, సెప్టెంబరులో ఆరంభము కానున్న పోటీలకు సన్నాహముగా ఫుట్‌బాల్ జట్లు గెలుపోటములు లెక్కకు రాని ఆటలను ఆడుచుండును. మొదటిది పంట కోతకు వచ్చిన వేళ. రెండవది నారు పోసి చూచుకొను వేళ. ఈ రెండు వేళలయందును అభిమానులు జట్టును గూర్చి మాటలాడుదురే గాని, ఆ జట్టుచేత నిలుపబడుచు, పంపబడుచు నుండు మనిషిని గూర్చి తలచుట యరుదు. ఆ మనిషిని లెక్కలోనికి తీసికొననిదే ఈ యాటల న్యాయాన్యాయములు తెలియవని చెప్పుటకే ఈ వ్యాసము.

తెలుగు చెప్పు పంతులునకు అమెరికా ఆటలతో నేమి పనియని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. 2004వ సంవత్సరమున నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుంటిని. అక్కడ నా గదిలోని మిత్రుని యన్నగారు అమెరికాలో ఉద్యోగము చేయుచు, తమ్మునికి వ్రాయునప్పుడెల్ల బోస్టన్ నగరపు బేస్‌బాల్ జట్టును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచుండెడివారు. నా యాసక్తికి అదియే మూలము. అక్కడివారి సాయంకాలపు టాట మనకు తెల్లవారుజామున వచ్చును గనుక, బడికి బయలుదేరులోపల చూచుటకు వీలు గలుగుచున్నది. మీ బంధువుల బిడ్డలు కొందరు ఇప్పుడా దేశముననే పెరుగుచున్నారు. వారు మాటలాడుకొను ఆటలను గూర్చి మనము కొంత తెలిసికొనుట యనవసరము కాదు.

ముందుగా బేస్‌బాల్ సంగతి. పెద్ద లీగులో 30 జట్లు గలవు. ఒక్కొక్క జట్టు సంవత్సరమునకు 162 ఆటలు ఆడును. వానిలో ముందున్నవి తుది పోటీలకు వెళ్ళును. అక్టోబరులో జరుగు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టే ఆ యేటి విజేత. నూరు ఆటలు ముగియు సరికి, అనగా జూలై నెల చివరకు, ఏ జట్టునకు ఆశ గలదో, ఏ జట్టునకు లేదో ఇంచుమించుగా తేలిపోవును. అప్పుడు ఆశలేని జట్టు తనయొద్దనున్న అనుభవశాలియైన ఆటగానిని ఆశగల జట్టునకు ఇచ్చివేయును. అందులకు మారుగా, ఆ జట్టు క్రింది లీగులలో తర్ఫీదు పొందుచున్న పడుచువారిని పుచ్చుకొనును. ఒకరికి నేడు కావలెను. వేరొకరికి రేపు కావలెను. బేరము అక్కడ కుదురును.

ఈ మార్పిడులకు పూర్వము జూన్ 15 గడువుగా నుండెను. 1986వ సంవత్సరమున దానిని జూలై 31కి జరిపిరి. ఆ గడువు దాటిన పిమ్మట గూడ, ఇతర జట్లు తమకు కావలెనని అడ్డుపడనిచో, ఆగస్టు తుది వరకు కొన్ని మార్పిడులు జరుగుచుండెను. 2019వ సంవత్సరము నుండి ఆ వెసులుబాటు తీసివేయబడినది. ఇప్పుడు జూలై తుది, ఆగస్టు మొదటి దినముల నడుమ నిర్ణయింపబడిన యొక్క దినమే గడువు. ఆ సాయంకాలము అభిమానులు ఆటకంటె వార్తలనే ఎక్కువగా కనిపెట్టుకొని యుందురు.

ఈ పద్ధతి మొత్తము చెడ్డదని నా వాదము కాదు. బోస్టన్ జట్టు 2004 జూలై 31వ తేదీన తన ఆటగాండ్రలో ప్రజలు మిక్కిలి ప్రేమించు నోమార్ గార్సియాపారాను చికాగో కబ్స్ జట్టునకు పంపివేసెను. అతడు 1999, 2000 సంవత్సరములలో తన లీగున బ్యాటింగునందు ప్రథముడుగా నిలిచినవాడు. ఊరెల్ల కోపించెను. కాని ఆ మార్పిడివలన బంతిని ఆపి పట్టుటలో నేర్పరులైన ఇరువురు జట్టులోనికి వచ్చిరి. ఆ అక్టోబరులో బోస్టన్ వరల్డ్ సిరీస్ గెలిచినది. 1918 తరువాత, అనగా 86 ఏండ్ల తరువాత, ఆ నగరమునకు దక్కిన మొదటి విజయమది. జట్టు మేలునకై ఒక్కొక్కప్పుడు ప్రియమైన దానిని వదలుకొనవలసి యుండునని ఒప్పుకొనక తప్పదు.

ఇంకొక ఉదాహరణము చెప్పెదను. దీనిని గూర్చి అభిమానులు నేటికిని వెటకారముగా మాటలాడుదురు. 1987 ఆగస్టు 12వ తేదీన డెట్రాయిట్ టైగర్స్ జట్టు అట్లాంటా బ్రేవ్స్ నుండి డోయిల్ అలెగ్జాండర్ అను 36 ఏండ్ల పిచ్చర్‌ను, అనగా బంతి విసరువానిని, తెచ్చుకొనెను. అందులకు మారుగా ఇచ్చినది జాన్ స్మోల్ట్స్ అను 20 ఏండ్ల కుఱ్ఱవానిని. అలెగ్జాండర్ ఆ మిగిలిన దినములలో 9 ఆటలు గెలిచి, ఒక్కటియు ఓడలేదు. డెట్రాయిట్ తన విభాగమున ప్రథమ స్థానమును పొందినది. కాని తరువాతి మెట్టున మిన్నెసోటా చేతిలో ఓడిపోయినది. అలెగ్జాండర్ రెండేండ్లకే ఆట మానెను. స్మోల్ట్స్ మాత్రము అట్లాంటాలో మహా క్రీడాకారుడై, 213 ఆటలు గెలిచి, 2015వ సంవత్సరమున బేస్‌బాల్ కీర్తిమందిరమున స్థానము పొందెను.

డెట్రాయిట్ మోసపోయినదని అందరును అందురు. నేనట్లు తలపను. ఆ యేడు డెట్రాయిట్ జట్టు రెండవ స్థానమున నున్న టొరాంటోకంటె కేవలము రెండాటలు ముందుండి గట్టెక్కెను. ఆ తొమ్మిది గెలుపులు లేకున్నచో ఆ నగరమునకు ఆ శరత్కాలమే లేదు. రేపటి గింజను నేడు వండుకొని తినుట ప్రతి యింటను తప్పు కాదు. ఆకలి యెంతటిదో ఆ యింటివారికే యెరుక. కావున జట్టు లెక్క జట్టుది. నా ప్రశ్న అది కాదు. స్మోల్ట్స్ డెట్రాయిట్ నగరమున్న మిషిగన్ రాష్ట్రముననే పుట్టి పెరిగిన బాలుడు. సొంతయూరి జట్టునకు ఆడవలెనని వచ్చినవాడు. వెళ్ళెదవా యని అతనిని అడిగినవారెవరు? తుదకు అతనికి మేలే జరిగినది. మేలు జరిగినది గదా యని, అడుగకుండుట న్యాయము కాజాలదు.

అడుగకుండుట యెంత వింతలకు దారితీయునో చూడుడు. 1982 ఆగస్టు 4వ తేదీన జోయెల్ యంగ్‌బ్లడ్ అను ఆటగాడు న్యూయార్కు మెట్స్ జట్టు పక్షమున చికాగోలో పగటి యాట యాడుచు, ఒక మంచి దెబ్బ కొట్టి యుండెను. ఆట నడుమనే అతనిని పిలిచి, నిన్ను మాంట్రియల్ జట్టునకు ఇచ్చివేసితి మనిరి. అతడు విమానమెక్కి ఫిలడెల్ఫియా చేరి, ఆ రాత్రియే క్రొత్త జట్టు పక్షమున దిగి, మరల దెబ్బ కొట్టెను. ఒకే దినమున రెండు నగరములలో రెండు జట్ల పక్షమున దెబ్బ కొట్టినవాడని అతని పేరు చరిత్రకెక్కినది. మనము ఆశ్చర్యపడి నవ్వుకొందుము. కాని ఉదయమున ఒక బడిలో పాఠము చెప్పుచుండగా పిలిచి, సాయంకాలమునకు వేరొక ఊరి బడిలో చేరుమన్నచో ఏ యుపాధ్యాయుడు నవ్వును? బదిలీ యుత్తరువు వచ్చినప్పుడు కూడ సామాను సర్దుకొనుటకు నాలుగు దినముల గడువుండును గదా!

2015 జూలై 29వ తేదీన జరిగినది ఇంతకంటె శోచనీయము. మెట్స్ జట్టులోనే విల్మర్ ఫ్లోరెస్ అను వెనిజులా దేశపు యువకుడుండెను. 16వ యేటనే ఆ జట్టుతో ఒప్పందము చేసికొని, అక్కడనే ఎదిగినవాడు. ఆ రాత్రి ఆట జరుగుచుండగా, అతనిని మిల్వాకీ జట్టునకు ఇచ్చివేసిరను వార్త ప్రేక్షకుల చేతిఫోనులలోనికి వచ్చెను. ప్రేక్షకులు లేచి నిలిచి చప్పట్లు కొట్టి వీడ్కోలు పలికిరి. జట్టువారు ఆ యువకునికి ఒక్క మాటయు చెప్పియుండలేదు. అతడు మైదానమున నిలిచి కన్నీరు తుడుచుకొనుచు ఆడుట దేశమంతయు చూచినది. తుదకు ఆ బేరము కుదరలేదు. రెండు దినముల తరువాత, జూలై 31న, వాషింగ్టన్ జట్టుతో జరిగిన యాటను 12వ ఇన్నింగ్సులో హోమ్ రన్ కొట్టి గెలిపించినవాడు ఆ ఫ్లోరెసే. అతని కన్నీటిని చూచిన పిమ్మట ఆటగాండ్రను చదరంగపు పావులని తలచుట నాకు సాధ్యము కాలేదు.

మార్పిడిని ఎదిరించిన వీరుడొకడు గలడు. విద్యార్థులు అతని పేరు జ్ఞాపకముంచుకొనవలెను. కర్ట్ ఫ్లడ్ నల్లజాతికి చెందిన క్రీడాకారుడు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో 12 ఏండ్లు ఆడినవాడు. 1969 అక్టోబరులో, అనగా పోటీలు ముగిసిన పిమ్మట, ఆ జట్టు అతనిని ఫిలడెల్ఫియాకు ఇచ్చివేసెను. ఆనాటి రిజర్వు నిబంధన ప్రకారము ఆటగాడు జట్టు చెప్పినచోటికి పోవలెను. లేదా ఆట మానుకొనవలెను. అతని జీతము ఏటికి 90,000 డాలర్లు. ఆ దినములలో అది పెద్ద మొత్తమే. అయినను అతడు డిసెంబరు 24వ తేదీన కమిషనర్ బోవీ క్యూన్‌కు లేఖ వ్రాసి, తాను కొనుటకును అమ్ముటకును తగిన యాస్తిని కానని తెలియజేసెను. 1970లో న్యాయస్థానమునకు వెళ్ళెను. 1972లో సుప్రీంకోర్టు 5–3 తీర్పుతో అతని వాదమును త్రోసివేసినది. అప్పటికే అతని యాట ముగిసిపోయి యుండెను.

ఫ్లడ్ ఓడిపోయినను అతని ప్రశ్న ఓడిపోలేదు. 10 ఏండ్లు పెద్ద లీగులో ఆడి, వానిలో కడపటి 5 ఏండ్లు ఒకే జట్టులో నున్నవాడు తన సమ్మతి లేని మార్పిడిని కాదనవచ్చునను నియమము 1973 ఒప్పందమున చేరినది. 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి యిచ్చిన తీర్పువలన రిజర్వు నిబంధన కట్టు వీడి, ఒప్పందపు గడువు తీరిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో బేరమాడుకొను స్వేచ్ఛ కలిగినది. కాని ఆ పదేండ్లు ఎందరికి నిండును? చాలమంది అంతకు మునుపే ఆట నుండి తొలగిపోవుదురు.

ఇచ్చట నొక ఆక్షేపణ వచ్చును. కోట్ల రూపాయల జీతము తీసికొనువారికి ఊరు మారుట యొక కష్టమా యని. పెద్ద లీగువారి విషయమున ఈ మాట కొంతవరకు నిజమే. కాని బేరములో రెండవ తట్టన నుండువారు క్రింది లీగుల పడుచువారు. 2023 ఒప్పందము ప్రకారము ఆ లీగులలో పై మెట్టున నున్నవానికి ఏటికి కనీస వేతనము 35,800 డాలర్లు. అట్టడుగు మెట్టున 19,800 డాలర్లు. ఆ దేశపు ఖర్చులకు అది గొప్ప సంపద కాదు. అదియునుగాక, జీతము పనికి ఇచ్చునది. మాట యడుగకుండుటకు ఇచ్చునది కాదు.

ఇక ఫుట్‌బాల్. మనము ఫుట్‌బాల్ అనుదానిని వారు సాకర్ అందురు. వారి ఫుట్‌బాల్ కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టి పరుగిడుచు, విసరుచు, ఎదిరివారిని పడద్రోయుచు ఆడునది. ఆటకు పదునైదేసి నిమిషములు గల నాలుగు పాదములు. 32 జట్లు గలవు. 2021వ సంవత్సరము నుండి ఒక్కొక్క జట్టు 17 అసలు ఆటలును, వానికి ముందు ఆగస్టులో సాధారణముగా 3 సన్నాహపు టాటలును ఆడుచున్నది. అంతకుముందు సన్నాహపు టాటలు 4 ఉండెడివి. వేసవి శిబిరమునకు జట్టు 90 మందిని తీసికొనును; ఆగస్టు తుదికి 53 మందినే నిలుపుకొనును. జట్టునకు 37 మంది చొప్పున 32 జట్లకు 1,184 మంది యగుచున్నారు. వీరిలో కొందరిని సాధన బృందమున చేర్చుకొందురు. తక్కినవారు మూట కట్టుకొని ఇంటికి పోవలసినదే.

ఈ యాటలపై అభిమానులకు మంచి అభిప్రాయము లేదు. పేరుపొందినవారు కొన్ని నిమిషములు ఆడి కూర్చుందురు. కొందరు అసలే దిగరు. సంవత్సరమంతటికి టికెట్టు కొనువానికి ఈ యాటల టికెట్లు కూడ కలిపి అమ్ముదురు. గెలిచినను పట్టికలో చేరదు, ఓడినను చేరదు. పైగా గాయముల భయము. 1999 ఆగస్టు 28న సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అనగా ఆట నడుపు నాయకుడు, ట్రెంట్ గ్రీన్ సన్నాహపు టాటలోనే మోకాలు విరిగి ఆ యేడంతయు ఆడలేకపోయెను. లెక్కకు రాని ఆటలో కాలు పోగొట్టుకొనుట యేమి న్యాయమని అడిగినచో సమాధానము సులభము కాదు.

కాని ఆ గ్రీన్ స్థానమున నిలిచినవాడెవరు? కర్ట్ వార్నర్. 1994లో గ్రీన్ బే జట్టు శిబిరము నుండి పంపివేయబడి, అయోవా రాష్ట్రమున ఒక కిరాణా దుకాణములో రాత్రివేళల సరకులు సర్దుచు జీవించినవాడు. చిన్న లీగులలో ఆడి, ఐరోపాలో ఆడి, 28 ఏండ్ల వయస్సున ఈ అవకాశమునకు వచ్చెను. ఆ యేటి ఉత్తమ క్రీడాకారుడై, 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిపించి, 2017లో ఫుట్‌బాల్ కీర్తిమందిరమున చేరెను.

అదే సంవత్సరమున అతనితోపాటు కీర్తిమందిరమున చేరిన టెరెల్ డేవిస్ కథ నా వాదమునకు ఇంకను దగ్గరిది. 1995లో డెన్వర్ జట్టు అతనిని ఆరవ విడతలో, 196వ వానిగా ఎన్నుకొనెను. శిబిరమున అతని పేరు ఎవరికిని పట్టలేదు. ఆగస్టులో జట్టు సన్నాహపు టాటకై జపాను రాజధాని టోక్యోకు వెళ్ళినప్పుడు, ఇక ఇంటికి మరలిపోవలెనని అతడు తలచియుండెను. ఆ యాటలో బంతి తీసికొని వచ్చు ఎదిరివానిని అతడొక్క పరుగున పోయి నేలకూల్చెను. ఆ యొక్క దెబ్బతో శిక్షకుల చూపు అతనిపై నిలిచినది. 1998లో అతడు 2,008 గజములు పరుగిడి ఆ యేటి ఉత్తమ క్రీడాకారుడయ్యెను. ఆ టోక్యో ఆట గెలుపోటములు ఏ పట్టికలోను లేవు. డేవిస్ జీవితమున మాత్రము అంతకంటె లెక్కకు వచ్చిన ఆట లేదు.

ఈ తలుపు ఇప్పుడు ఇంకను సన్నగిలు సూచనలు గలవు. 2020లో కరోనా వ్యాధివలన సన్నాహపు టాటలన్నియు రద్దయ్యెను. ఆ యేడు క్రొత్తవారు ప్రేక్షకుల యెదుట ఒక్క ఆటయైన ఆడకయే తీర్పునకు గురియైరి. 2024లో లీగు అధిపతి రోజర్ గుడెల్, అసలు ఆటలు 18 చేసి, సన్నాహపు టాటలు 2 చేయుట మేలను అభిప్రాయము వెల్లడించెను. అభిమానులలో పలువురకు ఈ మాట రుచించినది. నాకు రుచింపలేదు. పేరున్నవానికి ఒక ఆట తగ్గుట విశ్రాంతి. పేరు లేనివానికి ఒక ఆట తగ్గుట జీవనోపాధిలో మూడవ వంతు అవకాశము పోవుట. గాయముల భయమున్నచో స్థిరపడినవారిని కూర్చుండబెట్టవచ్చును. ఇప్పుడు చాల జట్లు చేయుచున్నది అదియే. వెల ఎక్కువయని తోచినచో టికెట్టు వెల తగ్గింపవచ్చును. ఆటనే తగ్గించుట తలనొప్పికి తల తీసివేయుట వంటిది.

కావున నేను కోరునవి మూడు. మొదటిది, బేస్‌బాల్ జట్టు ఏ యాటగానిని ఇచ్చివేయ దలచినను ఆ మాట ముందుగా అతని చెవిని పడవలెను. ప్రేక్షకుల ఫోనులకు తరువాత చేరినను నష్టము లేదు. రెండవది, మార్పిడిని కాదను హక్కు పదేండ్లకు గాక, ఒకే జట్టులో అయిదేండ్లు ఆడినవానికే కలుగవలెను. అందువలన గడువునాటి బేరములు కొన్ని తగ్గవచ్చును. కాని సమ్మతితో వచ్చినవాడు మనసు పెట్టి ఆడును గనుక జట్టునకు గూడ నష్టము లేదు. మూడవది, ఫుట్‌బాల్ సన్నాహపు టాటలు మూడింటిని మూడుగానే ఉంచవలెను.

ఇవి చేయువారు జట్ల యజమానులు, ఆటగాండ్ర సంఘములు. దూరదేశమున నుండు అభిమాని చేయగలిగిన దేమనగా, తన చూపును సరిచేసికొనుట. మార్పిడి వార్త విన్నప్పుడు మన జట్టునకు లాభమా నష్టమా యని అడిగిన పిమ్మట, వెళ్ళినవాడెవడు, అతని నెవరైన అడిగిరా యని కూడ అడుగవలెను. సన్నాహపు టాటలో పెద్దవారు కూర్చున్న వెంటనే లేచిపోక, నాలుగవ పాదము వరకు చూడవలెను. అసలు పరీక్ష అప్పుడే జరుగుచుండును.

విద్యార్థులారా! తెలుగు తరగతిలో ఎందరున్నారను తలల లెక్కతో మన బడిని కొలుచుట మీకు క్రొత్త కాదు. ఆ లెక్కలో మీ పేర్లుండవు, మీ చదువుండదు, మీరేమి కావలెనని కోరుచున్నారో ఉండదు. లెక్క వ్రాయువారికి సంఖ్య చాలును, లెక్కింపబడువానికి చాలదు. ఈ బాధ యెరిగిన మనము ఇతరుల నట్లు లెక్కింపకుందము. రాబోవు మండల స్థాయి పోటీలకు మన కబడ్డీ జట్టును ఎంపిక చేయునప్పుడు, సాధనపు టాటలలో చివరగా దిగు బాలురను గూడ తుదివరకు నిలిచి చూడుడు. ఎంపిక కానివానికి ఆ సంగతి పట్టికలో చదువుకొమ్మని విడువక, జట్టు నాయకుడు స్వయముగా వెళ్ళి చెప్పవలెను. అది మన చేతిలోని పని. దానికి ఏ కమిషనరు అనుమతియు నక్కరలేదు.